మా అబ్బాయికి ఆపరేటింగ్ సిస్టమ్‌ల పిచ్చి పట్టింది, మాన్పించాలా?

తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి సెలవులన్నీ పాత విండోస్‌లు, రకరకాల లినక్స్‌లు, అంటే కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఎక్కించడంతో, తీసేయడంతో, మళ్ళీ ఎక్కించడంతో గడిపేస్తున్నాడని రాశారు. పైగా వాటి మీద వీడియోలు చేస్తానంటున్నాడట. ఇది పనికొచ్చే పిచ్చేనా, మాన్పించాలా అన్నది మీ ప్రశ్న.

నేను ఆ పిచ్చితోనే పెరిగాను. ఇప్పుడు నాకు 23 ఏళ్ళు. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలుగులో చెప్పే వీడియోలు చేస్తుంటాను. నన్నడిగితే మాన్పించకండి. కాకపోతే ఎవరి కంప్యూటర్ మీద ఆడుకుంటున్నాడో మాత్రం ఒక కన్నేసి ఉంచండి. ఈ రెండో మాట ఎందుకంటున్నానో తెలియాలంటే మా మామయ్య కొట్టు సంగతి చెప్పాలి.

మాది కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లె. మా మేనమామకు రామచంద్రపురంలో జిరాక్స్, డీటీపీ కొట్టు. మధ్యలో గోదావరి పాయ గౌతమి. సెలవు రోజున పొద్దున్నే రేవుకు పోయి, మోటారు సైకిళ్ళ మధ్య, కొబ్బరికాయల బస్తాల మధ్య పంటు మీద నిలబడి నది దాటి, కోటిపల్లిలో బస్సెక్కితే కొట్టు తెరిచే వేళకు చేరిపోయేవాణ్ణి. అక్కడ రెండు కంప్యూటర్లు ఉండేవి. మూలనున్న పాతది, గిరాకీ లేనప్పుడు, నాది.

దాన్లో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. మీట నొక్కగానే నల్లటి తెర, దాని కింద చిన్న గొట్టం లాంటి గీత, అందులో ఎడమ నుంచి కుడికి పరుగెత్తే మూడు నీలి గళ్ళు. అవి ఎన్నిసార్లు పరుగెత్తితే తెర తెరుచుకుంటుందో లెక్కపెట్టడం నా అలవాటు. ఒక రోజు పద్నాలుగు. మామయ్య కొత్త యాంటీవైరస్ వేయించిన మర్నాడు ఇరవై రెండు. యంత్రం అదే, కరెంటు అదే, మరి ఎనిమిది ఎందుకు పెరిగాయి? నన్ను ఇందులోకి లాగినది ఈ ఎనిమిదే. ఆ గళ్ళు పరుగెత్తుతున్నంతసేపూ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డ్రైవర్లను, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములను, డిస్కు నుంచి మెమరీలోకి ఎక్కిస్తుంటుందని, యాంటీవైరస్ తన డ్రైవర్లను కూడా ఆ వరుసలో దూరుస్తుందని చాలా కాలం తర్వాత చదివాను. అప్పటికి తెలిసిందల్లా ఒకటే: తెర వెనక ఎవరో ఏదో సర్దుతున్నారు.

(ఎక్స్‌పీ తెరుచుకున్నాక తెర మీద కనిపించే పచ్చని గుట్ట గురించి ఒక మాట. మా డెల్టాలో ఏటిగట్టును మించిన ఎత్తు లేదు కాబట్టి అది ఎవరో వేసిన బొమ్మ అనుకునేవాణ్ణి. నిజం ఫొటోనే. 1996లో చార్లెస్ ఓరియర్ అనే ఆయన కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో తీశాడు. అక్కడ ద్రాక్ష తోటలకు పురుగు పట్టి తీగలు పీకేయడంతో గడ్డి మొలిచిన నేల అది. ఈ సంగతి మా నాన్నకు చెబితే, ఫొటోను కాసేపు చూసి, ‘అయితే పాపం ఆ రైతుకు ఆ ఏడు నష్టమేగా’ అన్నారు.)

ఇక గౌతమి కథ. 2013 దసరా సెలవులు. పేజ్‌మేకర్‌లో మామయ్య శుభలేఖలు కొడుతుంటే తెలుగు నిక్షేపంగా కనిపించేది. అదే కంప్యూటర్‌లో తెలుగు వికీపీడియా తెరిస్తే అన్నీ డబ్బాలే. ఎందుకని అడిగితే, ‘అది వేరే తెలుగు, ఇది వేరే తెలుగు’ అన్నాడు మామయ్య. తప్పించుకోవడానికి అన్న మాటే గానీ, అంతకన్నా సరైన జవాబు నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. డీటీపీ కొట్లలో వాడే అను ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ముక్కలను అతికిస్తాయి. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిషే, మన కళ్ళకు మాత్రం తెలుగు. అందుకే ఆ పాఠాన్ని తీసుకెళ్ళి వేరే చోట అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వికీపీడియాలో ఉండే యూనికోడ్ తెలుగు అలా కాదు. యూనికోడ్ అంటే ప్రపంచ లిపులకు వేటి సంకేతాలు వాటికి ఇచ్చే పట్టిక. అందులో తెలుగుకు సొంతంగా 128 గదుల వరుస ఉంది.

గది ఉంటే సరిపోదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్ దాచుకునేది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి, ఒత్తులు కిందకు దించి, గుడిదీర్ఘం పైన పెట్టే పని ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక భాగానిది. విండోస్‌లో దాని పేరు యూనిస్క్రైబ్. ఎక్స్‌పీలో మన లిపులకు కావలసిన సరంజామా మొదటే ఎక్కి ఉండేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెడితే సీడీ అడిగేది. మామయ్య కొట్టులో ఆ సీడీ దేవుడి పటం వెనక అగరుబత్తి డబ్బాలో దొరికింది. వేశాం. ఫైళ్ళు కాపీ అయ్యాయి. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచింది. డబ్బాలన్నీ అక్షరాలైపోయాయి.

కొత్తగా ఏమి వచ్చి చేరిందా అని ఫాంట్ల ఫోల్డరు తెరిచి వెతికాను. తెలుగు ఫాంటు పేరు గౌతమి. పొద్దున నేను దాటి వచ్చిన నది! మామయ్యను కేకేసి చూపించాను. ‘ఎవరో అమ్మాయి పేరు అయ్యుంటుందిరా’ అని ఆయన జిరాక్స్ తీయడానికి వెళ్ళిపోయాడు. నేను ఒప్పుకోలేదు. కన్నడ ఫాంటు పేరు తుంగ అని చూశాక నా వాదనకు ఇంకా బలం వచ్చింది. ఆ రోజు సాయంత్రం తిరుగు పంటు మీద పక్కన నిలబడినవారందరికీ ఈ నది కంప్యూటర్‌లో ఉందని చెప్పాను. ఒక పెద్దాయన మాత్రం, ‘వరద కూడా వస్తుందా అందులో?’ అని అడిగాడు.

వరద ఏడు నెలలకు వచ్చింది, నా చేతుల మీదుగా.

2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ మాట చెప్పే చిన్న పెట్టె తెర మీద కనిపించేది. ఇకపై భద్రతా సవరణలు రావని, వైరస్‌లకు తలుపులు తెరిచినట్టేనని ఎక్కడో చదివి నేను హడలిపోయాను. మామయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. పేజ్‌మేకర్, అను రెండూ నడుస్తున్నాయి, ఆయనకు ఇంకేం కావాలి? అందుకని కంప్యూటర్‌ను కాపాడే బాధ్యత నేనే తీసుకున్నాను. అప్పటికి ఐదో తరగతి పూర్తయింది.

కొట్టులో పాత కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) డీవీడీ ఒకటి పడి ఉండేది. మే నెల. ఎన్నికల కరపత్రాల హడావుడి ముగిసి, వైశాఖ ముహూర్తాల శుభలేఖలు మీద పడ్డాయి. కొత్త కంప్యూటర్ రిపేరుకు పోవడంతో పనంతా పాతదాని మీదే. మధ్యాహ్నం మామయ్య షట్టరు సగం దించి భోజనానికి వెళ్ళాడు. నేను డీవీడీ పెట్టాను.

కొన్ని తెరల తర్వాత అది రెండు దారులు చూపించింది. ఉన్నదాని పక్కనే ఎక్కించడం ఒకటి, డిస్కు చెరిపి ఎక్కించడం రెండోది. రెండోదాని కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక కూడా ఉంది. నేను చదివింది తెలుగు మీడియం. ఎరేజ్ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు. డిస్కు అంటే సీ డ్రైవ్ అనుకున్నాను, మామయ్య ఫైళ్ళు ఉండేది డీ డ్రైవ్‌లో కదా అనుకున్నాను. రెండూ ఒకే డిస్కులో భాగాలని తెలియదు. నొక్కాను. గీత నిండుతుంటే ఎంత ముచ్చటపడ్డానో చెప్పలేను. మామయ్య పాన్ నములుతూ వచ్చేసరికి తెర ఊదా రంగులో మెరుస్తోంది.

‘డీ ఏదిరా?’ అన్నాడు.

లేదు. ఇంకా అచ్చుకు వెళ్ళని ఏడు శుభలేఖలు, వీధిలోని స్టూడియో వాళ్ళు దాచమని ఇచ్చిన ఆల్బమ్ పేజీలు, కొట్టు లెక్కలు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీలో కూలబడి చాలాసేపు గోడ వైపు చూశాడు. గోడకు ఒక ఇనుప చువ్వ ఉండేది. శుభలేఖల కోసం వచ్చినవారు చేత్తో రాసి తెచ్చిన కాగితాలను దానికి గుచ్చేవాడు. వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం, మేనమామల వరుస, ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్నీ ఉండేవి ఆ కాగితాల మీద. చివరికి లేచి ఆ గుత్తి కిందికి దించాడు. రెండు రాత్రులు స్నేహితుడి కొట్టులో కూర్చుని, నేను చదువుతుంటే ఆయన మళ్ళీ కొట్టాడు. ఒక కార్డులో ముహూర్తం ఉదయమో రాత్రో కాగితం మీద తేలలేదు. పెళ్ళివారింటికి ఫోను చేసి అడగాల్సి వచ్చింది. ఎందుకు అడుగుతున్నామో మాత్రం చెప్పలేదు.

డిస్కును రాజమండ్రిలో ఒక రిపేరు కొట్టుకు పట్టుకెళితే ఆల్బమ్ ఫొటోలు చాలావరకు వెనక్కి వచ్చాయి, పేర్లు పోయి అంకెలతో. అసలు ఎలా వచ్చాయన్నది నా రెండో ప్రశ్న అయింది. దానికి జవాబు పాతరకం డిస్కుల మొదటి సెక్టారులో, అంటే మొట్టమొదటి చిన్న గడిలో, ఉంది. అది మొత్తం 512 బైట్లు. 446 బైట్లలో కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాము, 64 బైట్లలో ఏ భాగం ఎక్కడ మొదలై ఎంత దూరం పోతుందో చెప్పే పట్టిక, చివరి 2 బైట్లు ముద్ర. నేను నొక్కిన మీట ఆ పట్టికను తిరగరాసింది. పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కాలిపోయింది అడంగల్ పుస్తకం. కాకపోతే ఉబుంటు ఆ పొలాల్లో కొన్నింటి మీద అప్పటికే ఇల్లు కట్టేసింది, అక్కడున్నవి మాత్రం పోయినట్టే. చెరిపిన డిస్కు మీద వెంటనే ఏమీ రాయకూడదనేది అందుకే. ఈ ఒక్క సంగతి మీ అబ్బాయికి ఈ రోజే చెప్పండి.

ఆ వేసవి అంతా అమ్మ నన్ను పంటు ఎక్కనివ్వలేదు. మా తాతయ్య నీటిపారుదల శాఖలో లస్కరుగా, అంటే కాలువ తలుపులు చూసుకునే పనిలో, చేసి రిటైరైన మనిషి. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసిన రోజులు. ఎండిన కాలువ గట్టు మీద సాయంత్రాలు ఆయన వెంట నడవడమే నాకు మిగిలిన కాలక్షేపం. లాకు దగ్గర కూర్చుని దాళ్వా (రెండో పంట) నీళ్ళ సంగతులు చెప్పేవారు. గోదావరిలో నీరు తగ్గి, సీలేరు నుంచి వదిలే నీటి కోసం ఎదురు చూసే రోజుల్లో వంతులు పెడతారు. ఈ బోదెకు (చిన్న పంట కాలువకు) ఇన్ని రోజులు, ఆ బోదెకు ఇన్ని రోజులు. తూము దగ్గరి రైతు తన వంతు అయిపోయినా రాత్రిపూట తలుపు ఎత్తుకుంటాడు. కాలువ చివరనుండే శివారు రైతు గట్టు మీద పడుకుని కాపలా కాస్తాడు. ‘మొదట్లో ఉన్నవాడికి నీళ్ళివ్వడానికి లస్కరెందుకు? వాలు చాలు. శివారుకు చేర్చడానికే నాకు జీతమిచ్చారు’ అనేవారు.

బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం మొదలైనప్పుడు తరగతిలో అందరికీ కొరుకుడు పడని భాగం షెడ్యూలింగ్. నాకు మాత్రం ఎప్పుడో విన్న కథలా అనిపించింది. కంప్యూటర్‌లో పనులన్నీ చేసే చిప్పు, ప్రాసెసర్, ఒక కాలువ. ప్రోగ్రాములు బోదెలు. ఒక్కోదానికి కొన్ని మిల్లీసెకన్ల వంతు. వంతు అయిపోగానే, అది ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, తలుపు దించి పక్కదానికి ఎత్తాలి. విండోస్‌లో ప్రాధాన్యాలు 0 నుంచి 31 దాకా ఉంటాయి. పైవాళ్ళు ఖాళీ ఇవ్వకపోతే కిందివాడికి వంతే రాదు. పుస్తకాలు దీన్ని ఆకలి చావు అన్న అర్థమొచ్చే మాటతో పిలుస్తాయి. మనవాళ్ళయితే శివారు ఎండిపోయిందంటారు. దీనికి విండోస్ చేసే ఉపాయం చూడండి. సెకనుకోసారి ఒక కాపలాదారు లేచి వరుసంతా తిరిగి చూస్తాడు. దాదాపు 4 సెకన్లుగా వంతు రాక కూర్చున్నవాడు కనిపిస్తే, వాణ్ణి కాసేపు 15వ మెట్టుకు ఎక్కించి పని చేసుకోనిచ్చి, మళ్ళీ కిందికి దించుతాడు. పాఠంలో ఈ ముక్క వచ్చిన రోజు ఇంటికి వచ్చి తాతయ్యకు చెప్పాను. ఆయన అంతా విని, ‘4 సెకన్లా! మాకు నాలుగు రోజులు పట్టేది’ అన్నారు.

వీడియోల సంగతి అడిగారు కదా. నా మొదటి వీడియో 2018 ఫిబ్రవరిలో, మీ అబ్బాయి చదివే తొమ్మిదో తరగతిలోనే. అప్పట్లో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా ఐఫోన్లను పడగొట్టింది, గుర్తుందా? ‘జ్ఞా’. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరుసలో వస్తే ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ 11.2.5లో అక్షరాలను పేర్చే భాగం తడబడి, ఆ సందేశం తెరిచిన యాప్ కూలిపోయేది. ఆపిల్ ఆ నెలలోనే 11.2.6తో సరిచేసింది. వార్తల్లో అందరూ వింత అక్షరం, మాయ అక్షరం అన్నారు. వింతేమిటి, జ్ఞానంలో ఉన్న జ్ఞా! మా ఊళ్ళో ఐఫోన్ ఉన్నవారెవరో నాకు తెలియదు గానీ, డబ్బాలు అక్షరాలైన రోజు మాత్రం నాకు బాగా గుర్తుంది. నాన్న ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, పలక మీద సుద్దతో అక్షరాన్ని ముక్కలు చేసి చూపిస్తూ నాలుగు నిమిషాలు మాట్లాడాను. నా గొంతు కన్నా కాకుల గొంతే ఎక్కువగా వినబడుతుంది. మొదటి వారం 40 మంది చూశారు, సగం మంది మా తరగతివాళ్ళే. అయినా ఆ రోజు ఒకటి అర్థమైంది. ఎదుటివాడికి చెప్పబోయేసరికి, నాకు తెలుసనుకున్నదానిలో సగం తెలియదని తేలుతుంది. మీవాడు వీడియో చేస్తానంటే అందుకోసమైనా చేయనివ్వండి. డబ్బు వస్తుందని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోకండి. నాకు నెలకు వచ్చేది ఇంటర్నెట్ బిల్లు, టీ ఖర్చు దాటి పెద్దగా పోదు. ఉద్యోగం వేరే ఉంది.

తర్వాతి వీడియోల్లో జనం ఎక్కువగా చూసింది లాకు దగ్గర తీసినదే. ఇప్పుడున్న లస్కరు గారు తలుపు చక్రం తిప్పుతుంటే వెనక నుంచి షెడ్యూలింగ్ చెప్పాను. ఆయనకు కంప్యూటర్ తెలియదు గానీ, ఎక్కడ ఆపాలో నాకన్నా బాగా తెలిసింది.

ఇక మీరు చేయవలసినవి. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ అయితే ముందు ఫొటోలు, కాగితాలు వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. వర్చువల్‌బాక్స్ అని ఉచితంగా దొరుకుతుంది, అది కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. లోపలి కంప్యూటర్‌కు డిస్కు అంటే బయట ఒక ఫైలు మాత్రమే. వాడు దాన్ని రోజుకు పదిసార్లు చెరిపినా మీ ఫొటోలకు ఢోకా లేదు. ప్రయోగానికి ముందు ఉన్న స్థితిని భద్రపరచుకుని, చెడగొట్టాక వెనక్కి తెచ్చుకునే వీలు కూడా ఉంది. మా మామయ్య వీధిలోని పెళ్ళివారికి ఆ వీలు లేకపోయింది. ఎవరో తాళం పగలగొట్టి ఉంచిన విండోస్‌లు దించుకోనివ్వకండి, వాటితో ఏమేమి వస్తాయో చెప్పలేం. లినక్స్ ఉచితం, ఫ్రీడాస్ ఉచితం, విద్యార్థుల కోసం ఎంఐటీలో రాసిన ఎక్స్‌వీ6 అనే బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ కోడుతో సహా ఉచితం. సీ భాష కొంచెం వచ్చాక ఆ చివరిది చూపించండి.

ఒక అనుమానం మీకు రావాలి, నాకూ వచ్చింది. ఎక్కించడం, వాల్‌పేపర్ మార్చడం, తీసేయడం, ఇలాగే రెండేళ్ళు తిరిగితే? అలా తిరిగేవాళ్ళు ఉన్నారు, నేనూ ఎనిమిదో తరగతి అంతా అలాగే తిరిగాను, లెక్కల్లో మార్కులు కూడా పోయాయి. అందుకని రాత్రి అన్నాల దగ్గర ఈ రోజు ఏది చెడిపోయింది, ఎందుకు చెడిపోయిందో ఎలా కనిపెట్టావు అని అడుగుతుండండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, మా అమ్మకు ఇప్పటికీ కాదు. వాడి దగ్గర జవాబు లేని రోజులు వరుసగా నెల దాటితే అప్పుడు ఆలోచించండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా మద్దతు ఆగిపోయింది. మామయ్య కొత్త కంప్యూటర్ తెర మీద మళ్ళీ అలాంటి పెట్టే వచ్చిందట. ఈసారి ఆయనే ఫోను చేశాడు, ‘నేను ఏమీ ముట్టుకోలేదు, నువ్వు కూడా నేను భోజనానికి వెళ్ళినప్పుడు ముట్టుకోకు’ అని. ఆదివారం పంటు ఎక్కి వెళ్ళాను. కొట్టు ఫైళ్ళన్నీ రెండు చోట్లకు కాపీ చేశాక, కొత్త లినక్స్ వేసి, దాని లోపల ఉత్తుత్తి కంప్యూటర్‌లో ఆ అగరుబత్తి డబ్బా సీడీతోనే ఎక్స్‌పీ ఎక్కించాను, పేజ్‌మేకర్‌తో, అనుతో సహా. దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు. నల్లటి కిటికీలో మూడు నీలి గళ్ళు కదలడం మొదలయ్యాయి. నా వెనకే నిలబడిన మామయ్య ఒకసారి తెర వైపు, ఒకసారి నా వైపు చూసి, చేతిలో ఉన్న కొత్త శుభలేఖ కాగితాన్ని తీసుకెళ్ళి గోడ మీది చువ్వకు గుచ్చాడు.